హాల్లో మొక్కలు, పూజలో కత్తెర

మొన్న మా మనవరాలి ఆఫీసుకు వెళ్ళాను. తలుపు తియ్యగానే అరెకా పామ్ ఆకు ఒకటి చీపురులాగా ముఖానికి తగిలింది. దాన్ని తప్పించుకుని అడుగు వేస్తే మోకాలికి కుండీ. కుర్చీలో కూర్చుంటే చెవి దగ్గర మనీ ప్లాంట్ తీగ. "బాగుందా తాతా? ఆఫీసంతా గ్రీన్ చేసేశాం" అంది. "బాగుంది తల్లీ, పాములు పట్టేవాణ్ణి కూడా ఒకణ్ణి ఉద్యోగంలో పెట్టుకోండి" అన్నాను. నవ్వేసి పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫోన్‌లో ఒక బొమ్మ చూడ్డం, ఆ బొమ్మలో ఉన్నవన్నీ కొనెయ్యడం, ఎక్కడ పడితే అక్కడ దూర్చెయ్యడం! గోడౌన్‌లో మూటలు కూడా ఇంతకంటే పద్ధతిగా పెడతారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎవరైనా ఇది చదువుతారని రాస్తున్నాను. చదవకపోయినా రాస్తాను. చెన్నైలో ఆఫీసులకు మొక్కలు అద్దెకు ఇచ్చే నర్సరీలో నా జీవితం గడిచింది. బడి మధ్యలోనే మానేసి, వ్యాసర్పాడిలో రైలు యార్డు గోడ పక్కనున్న ఆ నర్సరీలో మట్టి మొయ్యడానికి చేరాను. కుండీలకు కట్టిన చీటీల మీది పేర్లు కూడబలుక్కుని చదివి, పాత పుస్తకాల అంగట్లో కొన్న ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలతో పోల్చుకుని మొక్కలు నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఆకులుంటాయి గానీ వాక్యాలు ఉండవు. దానితోనే సూపర్‌వైజర్ వరకూ వచ్చాను.

మా వ్యాపారంలో ఒక సంగతి మొదటే చెప్పాలి. అద్దె మొక్క ఆఫీసులో కాపురం ఉండదు. ఏసీ గాలి, ట్యూబులైటు వెలుతురు మొక్కకు ఉపవాసంతో సమానం. వారం రోజులు ఉపవాసం చేయించి, శుక్రవారం వ్యాన్‌లో వెనక్కి తెచ్చి, నీడకు కట్టిన పచ్చ వల కింద కొన్ని వారాలు తిండి పెట్టి మళ్ళీ పంపుతాం. అది వెనక్కి వచ్చే రోజే దాని జాగాలోకి అలాంటిదే ఇంకొకటి వెళుతుంది. "మా మూలనున్న రబ్బరు మొక్క ఎన్నేళ్ళయినా వాడదు సుమండీ" అని మీరు మురిసిపోయేది ఒక మొక్కను చూసి కాదు, వంతులవారీగా డ్యూటీకి వచ్చే అన్నదమ్ములను చూసి. దీన్ని మోసం అన్నవాళ్ళూ ఉన్నారు. ఆస్పత్రిలో నర్సులు షిఫ్టు మారితే మోసమా?

ఇక అసలు సంగతికి వస్తాను. జార్జి టౌన్‌లో తాళ్ళూ గోనెసంచులూ టోకున అమ్మే తెలుగు కుటుంబం ఒకటి ఉండేది. తరాల నాటి వ్యాపారం. పాత కట్టడంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క చెక్క గది. మనిషి ముక్కు తుడుచుకున్నా పక్కవాడికి తెలిసేది కాదు. సందులో లారీ తిరగక, మెట్లు ఎక్కలేక, చివరికి మైలాపూరులో ఒక కొత్త మేడ మీదికి ఆఫీసు మార్చారు. గదులు లేవు, గోడలు లేవు. ఒకటే పెద్ద హాలు, అద్దాల కిటికీలు, కిటికీలోంచి చూస్తే ఎత్తున పోయే రైలు. మొక్కలు మావి.

ఆ కంపెనీలో అందరూ ఆపరేటరమ్మ అని పిలిచే ఒకామె ఉండేది. టెలిఫోన్ బోర్డు ముందు చిన్నప్పుడు కూర్చుని యాభై దగ్గరికి వచ్చిన మనిషి. కొత్త ఆఫీసులో బోర్డే లేదు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు. ఈమెను ఏం చెయ్యాలో తెలియక కంపెనీ పెద్దాయన, "నువ్వు మొక్కలు చూసుకో అమ్మా" అన్నాడట. అంతే. మా నర్సరీ నీళ్ళ డబ్బా, చిమ్మే సీసా, ఆకులు తుడిచే గుడ్డ ఆమె చేతికి వచ్చాయి. ఇవి పుచ్చుకుని ఆమె చేసిన మొదటి పని ఏమిటంటే, మొక్కల్ని వెనక్కి పంపడం ఆపెయ్యడం.

శుక్రవారం నేను ఎత్తడానికి వంగితే పక్కనే నిలబడేది.

"అన్నా, దాన్ని ముట్టుకోవద్దు. కొత్త ఆకు వేస్తా ఉండాది. ఈ వారం ఆడనే ఉండనీ."

"పోయిన వారం కూడా ఇదే చెప్పినావు కదమ్మా."

"పోయిన వారం మొగ్గ. ఇప్పుడు ఆకు. ఆ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళు సుమ్మా ఊరికే మట్టి మోసినావా?"

మోసాను. ఏం చెయ్యను? కొత్తవి దింపేవాణ్ణి, పాతవి కదిలేవి కావు. హాల్లో తక్కిన వాళ్ళు కూడా ఆమె పక్షమే. చెక్క గదుల్లో బతికిన మనుషులు కదా, నడి హాల్లో కూర్చోబెడితే బట్టలు లేనట్టు ఉందేమో, ఒక్కొక్కరూ ఒక్కొక్క మొక్కను మెల్లగా తమ వైపు లాక్కున్నారు. గుమాస్తా గారు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు.

"నాయనా, నా టేబులు ముందర ఏదో ఒక చెట్టు పెట్టు. పొడుగ్గా ఉండాల. ఆ చిన్న మేడమ్, అదే పెద్దాయన కోడలు, తల ఎత్తినప్పుడంతా నేను కనిపిస్తే ఆమెకి ఏదో ఒక పని గుర్తొస్తా ఉంది."

పెట్టాను. అతను దాని వెనక టిఫిన్ తినేవాడు. కొన్ని నెలల్లో హాలు హాలులా లేదు. నడిచే దారిలో పీస్ లిలీలు, టేబుళ్ళ మీద చిన్న కుండీలు, ఫైళ్ళ బీరువా మీంచి తీగలు. ఒకే మూల మూడు రకాల పొడవుల్లో మూడు రంగుల కుండీలు. పైగా మా యజమాని ఇంకో పక్క తిట్టడం. "ఆ తాళ్ళ కంపెనీకి పోయిన మొక్క తిరిగి రాదు, నువ్వు ఆడికి పోయి ఏం చేస్తా ఉండావయ్యా?" అని.

ఒక రోజు టీ తాగుతూ ఆపరేటరమ్మను అడిగాను. ఇన్ని మొక్కలు ఎందుకమ్మా, పెద్దాయన ఎటూ జీతం ఇస్తున్నాడు కదా, హాయిగా కూర్చోరాదా అని.

"కూర్చుంటే ఇంటికి పంపిస్తారు అన్నా" అంది. "ఇంట్లో నేను మిక్సీ మాదిరి. మా అన్న పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఎవరికి కావాలంటే వాళ్ళు తిప్పుతారు. పని అయినాక మూల పెడతారు. ఈడ నాకు ఒక కుర్చీ ఉంది. పొద్దున వస్తే నా కుర్చీలో ఇంకొకరు కూర్చోరు."

నేను విన్నాను. విని, టీ గ్లాసు కడిగి, నా పనికి వెళ్ళిపోయాను.

చిన్న మేడమ్ అంటే విజయవాడ వైపు అమ్మాయి, కట్టడాల చదువు చదువుకుంది. ఆయుధపూజ దగ్గరికి వస్తుండగా నన్ను పిలిపించింది.

"అంకుల్, ఇది ఆఫీసాండీ, అడివాండీ? నిన్న ఒక కస్టమర్ వచ్చి, గుమాస్తా గారు ఎక్కడా అని ఆ రబ్బరు మొక్కని అడిగి వెళ్ళిపోయాడు."

"మొక్క ఏం చెప్పింది మేడమ్?"

"ఏం చెప్పలేదు కాబట్టే వెళ్ళిపోయాడండీ. జోకులొద్దు. పూజకి ముందే హాలు ఖాళీ అవ్వాలి. బాగుండాలి, పచ్చగా ఉండాలి, కానీ మనుషులు కనపడాలి. మిగిలినవన్నీ తీసుకెళ్ళిపోండి. ఉంచే మొక్కలు తప్ప మీ సామాను ఒక్కటి కూడా ఉండకూడదు, కుండీ కింద పళ్ళెంతో సహా."

నా ప్రాణం లేచొచ్చింది. ఎన్ని నెలలుగా ఈ మాట కోసం చూస్తున్నాను! ఏవి ఎత్తాలో అప్పుడే వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాను. ఆమె ఆపింది.

"అలా కాదండీ. ముందు ప్రతి కుర్చీలో కూర్చుని చూద్దాం. నిలబడి చూసేది మనం. రోజంతా కూర్చుని చూసేది వాళ్ళు."

పట్టాలున్న వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ సంగతి దాచను. కానీ ఈ ముక్క ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అన్నేళ్ళూ నేను మొక్కల్ని తలుపు దగ్గర నిలబడి సర్దాను, పెళ్ళి ఫోటో తీసేవాడిలాగా. కుర్చీల్లో కూర్చుంటే లోకం వేరేగా ఉంది. ఒకచోట కూర్చుంటే కళ్ళ ఎదురుగా ఏసీ పెట్టె. దాని పక్కన ఎత్తయిన మొక్క ఒక్కటి చాలు, చూపు అక్కడికి పోతుంది. ఇంకోచోట కూర్చుంటే కిటికీలోంచి రైలు కనిపిస్తుంది. దానికి అడ్డంగా ఏదీ పెట్టకూడదు, అలసిన కంటికి అదే తోట. చేతులు ఆడే టేబులు మీద మొక్క వద్దు. కాళ్ళు నడిచే చోట అసలే వద్దు. ఇక్కడొకటి అక్కడొకటి చల్లితే చెత్త, అవే నాలుగింటిని పొడవు వెనక, పొట్టి ముందు పెట్టి ఒక మూల చేరిస్తే అందం. చిన్నవి పది పెట్టే చోట పెద్దది ఒకటి పెట్టు. కుండీలన్నీ ఒకే రంగు ఉండాలి, అదీ కంటికి తగలని రంగు. చూసేవాళ్ళు ఆకును చూడాలి గానీ కుండీని కాదు. పిల్లలూ, ఇంతే విద్య. దీనికి ఫోనక్కరలేదు.

గుమాస్తా గారి ముందున్న చెట్టు మాత్రం తియ్యనివ్వలేదు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. దాన్ని అటు జరిపి, ఏసీ గాలికి అడ్డంగా అతని భుజం పక్కన పెట్టాం. టిఫిన్ డబ్బాకు మాత్రం చాటు దొరకలేదు.

పూజకు ముందు రోజు వ్యాన్‌లు తెచ్చి దించుడూ ఎత్తుడూ మొదలుపెట్టాం. ఆపరేటరమ్మ పోట్లాడుతుందని గొంతు సవరించుకుని వెళ్ళాను. పోట్లాడలేదు. ఒక్కొక్క మొక్కనూ ఎత్తే ముందు ఆకులు తుడిచి, "ఇది పడమటి ఎండకు తట్టుకోదు", "దీనికి నీళ్ళెక్కువ పొయ్యొద్దని చెప్పు" అని మా డ్రైవరుకు అప్పగింతలు పెట్టింది. ఆఖరున నీళ్ళ డబ్బా ఎత్తి పట్టుకుంది.

"ఇది కూడా మీదేనా అన్నా?"

"మాదే కదమ్మా. నర్సరీ పేరు రాసుంది చూడు."

"ఊఁ." డబ్బా, సీసా, గుడ్డ మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి నా చేతికి ఇచ్చింది. "తీసుకుపొండి."

తీసుకుపోయాను. మేడమ్ చెప్పింది కదా, ఒక్కటి కూడా మిగలకూడదని. దిగి వచ్చే ముందు తలుపు దగ్గర నిలబడి ఒకసారి హాలు చూసుకున్నాను. మూలనొక గుంపు, కిటికీ పక్కన ఒక్కటే పెద్ద రబ్బరు మొక్క, అక్కడక్కడ రెండో మూడో. హాలు చివర ఇంకో కిటికీ ఉందని కొందరికి ఆ రోజే తెలిసింది. ఇంత మంచి పని నేను మళ్ళీ చెయ్యలేదు.

మర్నాడు పూజకు నన్ను కూడా పిలిచారు. సామాను ఇచ్చే వాళ్ళందరినీ పిలిచి మరమరాలు, వేయించిన శనగలు, పళ్ళు పొట్లం కట్టి ఇవ్వడం ఆ కంపెనీలో ఆనవాయితీ. వెళ్ళేసరికి తలుపుకు రెండు పక్కలా అరటి పిలకలు కట్టి, నా మూల గుంపు మీద బంతిపూల దండ విసిరేసి ఉన్నారు. ఒళ్ళు మండింది గానీ పండగ పూట ఎందుకని దండ తీసి గోడకు తగిలించి, గుమాస్తా గారి పక్కన నిలబడ్డాను. గోడ కింద పెద్ద పీట. పక్కన కుర్చీలో పెద్దాయన, చేతిలో గంధం కుంకుమ గిన్నెలు. ఒక్కొక్కరే వచ్చి తమ పనిముట్టు పీట మీద పెడుతుంటే ఆయనే బొట్టు పెడుతున్నాడు. గోడౌన్ వాళ్ళు గోనెసంచులు లాగే కొక్కేలు పెట్టారు. ఆఫీసు వాళ్ళు కీబోర్డులు, కాఫీ తెచ్చే అతను ఫ్లాస్కు పెట్టారు. చిన్న మేడమ్ లాప్‌టాప్ పెట్టింది.

గుమాస్తా గారు నా చెవిలో గొణిగాడు. "ఏంది నాయనా, నీళ్ళ డబ్బా కూడా ఎత్తుకుపోయినావంట?"

"మాదే కదా గుమాస్తా గారూ."

"నీదేలే. ఇప్పుడు ఆపరేటరమ్మ ఏం పెడుతుంది?"

"ఏమీ పెట్టకపోతే ఏమవుతుంది?"

అతను నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "నీకు తెలీదా? పెద్దాయన తాత నాటి కట్టుబాటు. ఈ పీట మీద పనిముట్టు పెట్టినోళ్ళని మళ్ళీ పూజ దాకా ఎవరూ కదిలించకూడదు, ఆ పనిముట్టూ ఆ సీటు దాటి పోకూడదు. పెట్టనోళ్ళకి ఉద్యోగం నుంచి సెలవు. అందుకే కదా నేను చెయ్యి వణికినా పెన్ను వదలకుండా ఉండేది. అటు చూడు."

చూశాను. మేడమ్ పక్కన స్టూలు మీద వెండి పళ్ళెం, అందులో జరీ శాలువా, పట్టుచీర, పళ్ళు. సన్మానం చేసి సాగనంపే సరంజామా.

అప్పుడు తెలిసింది నాకు, పూజకు ముందే అవ్వాలని ఎందుకన్నారో, పళ్ళెంతో సహా ఎందుకన్నారో. మేడమ్ దుర్మార్గురాలు కాదు. పని లేని మనిషికి మర్యాదగా విశ్రాంతి ఇస్తున్నాననే అనుకుంది. కట్టుబాటును మీరలేదు, దాని పక్కనుంచి నడిచింది. అయితే నడిచింది నా కాళ్ళతో! నా వ్యాన్‌తో, నా చేతుల్తో! ఎవరి కుర్చీ కింద కుండీలు తీస్తున్నానో నాకు చెప్పాలా వద్దా? డబ్బా తెద్దామంటే వ్యాన్‌తో పాటు వ్యాసర్పాడిలో ఉంది.

"తర్వాత ఎవరు?" పెద్దాయన గిన్నెలోంచి తల ఎత్తాడు. "ఆపరేటరమ్మా, నీదేది?"

ఆమె ముందుకు వచ్చింది. రెండు చేతులూ కొంగులో ఉన్నాయి. ఫోనులో ఊరందరితో మాట్లాడిన మనిషి పీట అంచునే చూస్తూ నిలబడింది. మేడమ్ పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

నా జేబులో కత్తెర ఉంది. కొమ్మలు కత్తిరించేది, నర్సరీదే అయినా నాకు సొంతం కంటే ఎక్కువ. ఆ సాయంత్రం మా నర్సరీ పూజలో పెట్టాలని కడిగి, నూనె రాసి, కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. ఏం చేస్తున్నానో ఆలోచించుకునే లోపలే కాగితం విప్పి గట్టిగా అరిచాను.

"ఏమ్మా! నీ కత్తెర నా దగ్గరే మరిచిపోయినావే!"

హాలంతా నా వైపు తిరిగింది. ఆమె కత్తెరను చూసింది, నన్ను చూసింది. తర్వాత వచ్చిన గొంతు టెలిఫోన్ బోర్డు నాటి గొంతు, నదురూ బెదురూ లేనిది.

"నాదే. అడిగి తీసుకుపోయినోడివి తిరిగి ఇచ్చేందుకు ఇన్ని రోజులా? చూడు, అంతా తుప్పు పట్టించినావు."

తుప్పు! పొద్దున్నే నూనె రాసిన కత్తెరకు తుప్పు! పళ్ళు కొరుక్కున్నాను.

పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మొక్కలన్నీ పోయినాయి కదమ్మా. ఇంక కత్తెర దేనికి?"



"తగ్గినాయి కాబట్టే పెద్దాయనా" అంది ఆపరేటరమ్మ. "అడివిలో ఒక ఎండుటాకు ఎవరికి కనిపిస్తాది? ఇప్పుడు ఉండేది నాలుగు. ఒక్క ఆకు ఎండితే హాలు మొత్తం ఎండినట్టు ఉంటాది. వచ్చినోళ్ళ కళ్ళన్నీ దాని మీదే. ముందు కంటే ఇప్పుడే పని."

ఈ మాట నేను చెప్పి ఉండాల్సింది. నిజం కూడా. పల్చగా పెట్టిన చోట ప్రతి ఆకూ పరీక్షకు కూర్చుంటుంది. అయినా నా నోటికి రాలేదు, ఆమె నోటికి వచ్చింది.

పెద్దాయన గంధం పూసి, కుంకుమ పెట్టి, కత్తెరను పెన్ను పక్కన ఉంచాడు. అయిపోయింది. మళ్ళీ పూజ దాకా ఆ కుర్చీ ఆమెది.

మేడమ్ పళ్ళెం మళ్ళీ స్టూలు మీద పెట్టింది. తర్వాత శాలువా తీసి ఆపరేటరమ్మ భుజాల మీద కప్పింది. "ఉంచుకోండి. ఏసీలో చలేస్తుంది కదా" అంది. గొప్ప మనిషే, ఓడిపోవడం తెలిసిన మనిషి. పొట్లం ఇచ్చేటప్పుడు నాతో నెమ్మదిగా అంది.

"అంకుల్, ఆ కత్తెర మీద మీ నర్సరీ పేరుందండీ."

"ఉంటుంది మేడమ్. మీ హాల్లో మొక్కల మీద కూడా మా పేరే ఉంది. అవి మీవని మీరు అందరికీ చెప్పుకోవడం లేదా?"

ఆమె నవ్వింది. నేను మాత్రం మెట్లు దిగుతూ లెంపలేసుకున్నాను. ఎందుకంటే పీట ఎక్కిన పనిముట్టు ఆ సీటు దాటి పోకూడదు కదా. నా చేతికి పట్టు కుదిరిన కత్తెర, మళ్ళీ అలాంటిది దొరకనిది, ఏడాది పాటు మైలాపూరులో బందీ. ఆ సాయంత్రం నర్సరీలో పూజకు నా వంతు వచ్చినప్పుడు నా దగ్గర మిగిలింది ఏమిటి? ఆమె నీళ్ళ డబ్బా. అదే పెట్టాను. "సూపర్‌వైజర్ గారు నీళ్ళు పొయ్యడానికి దిగినారా?" అని మా యజమాని దీపావళి దాకా ఎగతాళి చేశాడు.

తర్వాత శుక్రవారాలు ఎలా ఉండేవో చెబితే మీరు నమ్మరు. మొక్కలు బుద్ధిగా వెనక్కి వచ్చేవి. ఒక మొక్కను పంపితేనే రెండోది అందంగా ఉంటుందని ఆమెకూ తెలిసింది. కానీ నాకు ఒక ఎండు కొమ్మ కనిపించి చెయ్యి చాపితే ఆమె కత్తెరను వీపు వెనక దాచుకునేది.

"ఏ కొమ్మ? చూపించు. నేనే కోస్తా."

"అది నా కత్తెరమ్మా!"

"పెద్దాయనను అడుగుదామా?"

మరుసటి పూజకు దాన్ని తెచ్చుకోవచ్చని కాచుకుని కూర్చున్నాను. పూజ వచ్చింది. ఆమె దాన్నే తీసుకువెళ్ళి మళ్ళీ పీట మీద పెట్టింది. ఆ పై ఏడాదీ అంతే. నేను రిటైరు అయ్యాను, కత్తెర రిటైరు కాలేదు.

పోయిన ఆయుధపూజకు అలవాటు ప్రకారం మైలాపూరు వెళ్ళాను. పొట్లం కోసమని ఇంట్లో చెప్పాను. పెద్దాయన ఇప్పుడు లేడు. కుర్చీలో చిన్న మేడమ్, ఆమె చేతిలో గంధం గిన్నె. హాల్లో మొక్కలు ఉండాల్సినన్నే ఉన్నాయి, ఆకులు అద్దాల్లా ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు పనిముట్లు పెడుతున్నారు. నా జేబులు తడుముకున్నాను. బస్సు టిక్కెట్టు, కళ్ళజోడు పెట్టె ఉన్నాయి. నర్సరీ పూజలో కూడా ఇప్పుడు నా వంతు లేదు.

ఆపరేటరమ్మ పీట దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏమన్నా, వట్టి చేతుల్తో వచ్చినావా?"

"పొట్లం కోసం వచ్చినానమ్మా."

ఆమె వచ్చి కత్తెర నా చేతిలో పెట్టింది. ఎన్నేళ్ళో అయింది దాన్ని పట్టుకుని. స్ప్రింగు మెత్తగా ఆడుతోంది, ఎక్కడా ఒక్క తుప్పు చుక్క లేదు.

"నువ్వే పెట్టు" అంది. "సీటు మాత్రం నాది, చెప్తా ఉండా."

పెట్టాను.